కాలిఫోర్నియా చలికాలం: వాన వెనకాలే వెళ్ళండి

డిసెంబరు వచ్చిందంటే శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగు ఇళ్ళలో ఒకటే చర్చ. ఇండియా టికెట్లు దొరికినవాళ్ళు సూట్‌కేసులు తూకం వేసుకుంటూ ఉంటారు. టికెట్ ధర చూసి వెనక్కి తగ్గినవాళ్ళు హవాయి వైపు చూస్తారు. మిగిలిన జనమంతా జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవుకో, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవుకో సియెర్రా కొండల్లోని లేక్ టాహోలో గది వెతుకుతారు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట: పిల్లలకు మంచు చూపించాలి.

ఈ అలవాటు మీద నాకు చాలాకాలంగా ఫిర్యాదు ఉంది. మంచుతో నాకు పగ ఏమీ లేదు. చలికాలం అనగానే మంచే చూడాలన్న లెక్క మిన్నెసోటాకో మసాచుసెట్స్‌కో సరిపోతుందేమో గానీ, కాలిఫోర్నియాకు సరిపోదు. ఇక్కడ చలికాలమే వానాకాలం. ఏడాదంతా పడే వాన, మంచులో నాలుగింట మూడు వంతులు నవంబరు, మార్చి నెలల మధ్యే పడతాయి. సగం ఒక్క డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పడుతుంది. ఇక్కడి జలవనరుల శాఖకు కొత్త సంవత్సరం జనవరిలో కాదు, అక్టోబరు 1న మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చాలాచోట్ల చినుకు రాలదు. పోస్టుకార్డుల మీద మెరిసే ఆ బంగారు కొండలు అప్పటి ఎండుగడ్డి కొండలే. జనవరి సగానికి వచ్చేసరికి అవే కొండలు కళ్ళు చెదిరే పచ్చదనంతో ఉంటాయి. మృగశిర కార్తెకు మబ్బుల కోసం ఎదురుచూసే ప్రాంతం నుంచి వచ్చిన మనం, వాన వచ్చాక ఊరి చుట్టుపక్కల ఏమేం మారతాయో చూడటం తెలిసినవాళ్ళం. ఆ చూపును విమానాశ్రయంలో వదిలేసి వచ్చినట్టు ఇక్కడ మంచు వెంట పడుతున్నాం.

కాబట్టి నా వాదన ఇది. కాలిఫోర్నియాలో చలికాలపు ప్రయాణాన్ని క్యాలెండరు చూసి కాదు, వాన చూసి నిర్ణయించుకోవాలి.

ఒక్క తుఫాను ఈ రాష్ట్రాన్ని ఎలా దాటుతుందో చూస్తే కొండలు, ఎడారి, సముద్రం ఒకే చోట ఎందుకు ఉన్నాయో తెలిసిపోతుంది. పసిఫిక్ మీద ఆవిరి ఒక పొడవాటి పట్టీలా సాగి తీరానికి వచ్చి తగులుతుంది. అట్మాస్ఫెరిక్ రివర్ అని వార్తల్లో వింటూ ఉంటాం. అలాంటిది ఒక మోస్తరుదైనా, మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట ఎంత నీరు పారుతుందో సుమారు అంత నీటిని ఆవిరిగా మోస్తుంది. తీరపు కొండలను ఎక్కేటప్పుడు అందులో కొంత కురిసిపోతుంది. నడుమ ఉన్న పెద్ద లోయను తడిపి, సియెర్రా నెవాడా పర్వతాలను ఎక్కుతూ చల్లబడి మిగిలినదాన్ని మంచుగా కురిపిస్తుంది. అటువైపు దిగేసరికి మబ్బులో సారం ఉండదు. అందుకే ఆ వెనకంతా ఎడారి. సముద్రం, లోయ, కొండ, ఎడారి ఒకే వానకు నాలుగు గతులు.

దీన్ని పట్టించుకోకుండా ‘పొద్దున స్కీయింగ్, సాయంత్రం సముద్ర స్నానం’ అని ఈ రాష్ట్రం గురించి గొప్పగా చెప్పుకుంటారు. చెయ్యలేరని కాదు. అలా చేసినవాళ్ళు ఆ రోజు ఎక్కువసేపు చూసింది ముందు కారు వెనక లైట్లనే.

టాహో సంగతి తొందరగా ముగిస్తాను. సెలవు కలిసిన శుక్రవారం సాయంత్రం తుఫాను కూడా వస్తే అటు వెళ్ళే ఐ-80 రహదారి మీద చెయిన్ కంట్రోల్ పెడతారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి, నాలుగింటికీ మంచు టైర్లు ఉన్న బండి తప్ప మిగతావాటిని చెయిన్లు వేసుకునిగానీ కదలనివ్వరు. రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఫోనులో వీడియో చూస్తూ టైరుకు చెయిన్ చుట్టే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను చూడటం ఒక అనుభవమే. ఇంత కష్టపడి పైకి వెళ్ళాక చేసేదేమిటంటే ప్లాస్టిక్ స్లెడ్డు మీద అరగంట జారడం, తడిసిన సాక్సులు మార్చుకోవడం, తిరుగు దారిలో మళ్ళీ ఇరుక్కోవడం. 2024 మార్చి మొదట్లో మంచు తుఫానుకు ఆ రహదారిని రోజుల తరబడి మూసేశారు. ఆ దారిలో ఉన్న కనుమకు డానర్ అన్న పేరు 1846–47 చలికాలంలో అక్కడ మంచులో చిక్కుకున్న వలస బృందం నుంచి వచ్చింది. ఆ బృందంలో దాదాపు సగం మంది తిరిగి రాలేదు. స్కీయింగ్ వచ్చినవాళ్ళు, నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. అదీ తుఫాను వెలిసిన రెండు రోజులకు, వారం మధ్యలో వెళ్ళాలి. మిగతావాళ్ళ కోసం ఇంకో కాలిఫోర్నియా ఖాళీగా ఉంది.

అది లోయలో ఉంది. మనవాళ్ళు లోయను దాటుతారే తప్ప అక్కడ ఆగరు. టాహో వెళ్ళినా, ఐ-5 మీద లాస్ ఏంజెలెస్ వెళ్ళినా సెంట్రల్ వ్యాలీ మీదుగానే పోవాలి. ఆవుల మంద వాసన వచ్చినప్పుడు అద్దాలు ఎత్తడం, కాఫీ కోసం ఒకచోట ఆగడం తప్ప దానితో మనకు సంబంధం లేదు. కానీ చలికాలంలో ఈ రాష్ట్రంలో నన్నొక్క చోటు ఎంచుకోమంటే, శాక్రమెంటోకు ఉత్తరాన ఉన్న వరి పొలాలను ఎంచుకుంటాను.

అవును, వరి పొలాలే. శాక్రమెంటో లోయలో నీళ్ళు బాగున్న ఏడాది సుమారు 5 లక్షల ఎకరాల్లో వరి పండుతుంది. మనం తినే సన్న రకం కాదు, కాల్‌రోజ్ లాంటి జిగురుగా ఉండే మధ్యరకం గింజ. సూషీకి అది బ్రహ్మాండంగా కుదురుతుంది, పులిహోరకు కుదరదు. అందుకే ఇంటికి రెండు గంటల దూరంలో మడులు పెట్టుకుని మనం ఓడలో వచ్చిన సోనా మసూరి సంచులు మోసుకుంటున్నాం. గోదావరి డెల్టాలో జీవితమంతా వ్యవసాయం చేసిన మా మామగారు మా దగ్గరికి వచ్చినప్పుడు గోల్డెన్ గేట్ వంతెనను ఒక ఫోటోతో సరిపెట్టి, ఈ పొలాల దగ్గర మాత్రం కారు దిగి గట్టు మీదకు నడిచారు. కోతలు అయిపోయిన మడుల్లో మోకాలి లోతు కన్నా తక్కువ నీళ్ళు, అందులో నానుతున్న గడ్డి. ఆయనకు అది భరించలేని దృశ్యం.

“గడ్డంతా ఇలా నీళ్ళలో కుళ్ళబెట్టేస్తున్నారేమిటండీ? వీళ్ళకు పశువులు లేవా?”

లేవు, ఆ లెక్కన లేవు. వాము వేసే అవసరం లేదు కాబట్టి ఒకప్పుడు కోత కాగానే గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళు. ఆ పొగ లోయను కమ్మేసేది. 1991లో రాష్ట్రం చట్టం చేసి ఆ కాల్పును ఏటా తగ్గిస్తూ వచ్చింది. గడ్డిని ఏం చెయ్యాలో తెలియని రైతులు మడుల్లో నీళ్ళు పెట్టి కుళ్ళబెట్టడం మొదలుపెట్టారు. ఆ నీళ్ళ మీదకు పక్షులు దిగాయి. రాలిన గింజలు, పురుగులు, ఎవరూ కదిలించని లోతులేని నీళ్ళు దొరికితే వాటికి ఇంకేం కావాలి? ఈ లోయలోని సహజమైన చిత్తడి నేలల్లో నూటికి తొంభై వంతులకు పైగా సేద్యం కిందకు, ఊళ్ళ కిందకు పోయాయి. ఉత్తర ధ్రువం వైపు నుంచి పసిఫిక్ తీరం వెంట దిగివచ్చే లక్షలాది బాతులకు ఇప్పుడు ఆ లోటు కొంతవరకు తీరుస్తున్నవి ఈ మడులే. గాలి కాలుష్యం కోసం చేసిన చట్టం బాతులను బతికించడం నాకు చాలా ఇష్టమైన కథ. దీన్ని ఎవరూ ముందు ఊహించి చెయ్యలేదు. ప్రకృతి పరిరక్షణ అంటే ఎప్పుడూ కంచె కట్టి మనిషిని బయట నిలబెట్టడమే అనుకునేవాళ్ళకు ఈ పొలాలు ఒకసారి చూపించాలి.

మామగారి ప్రశ్నలు అంతటితో ఆగలేదు. నాట్లు ఎవరు వేస్తారు? ఎవరూ వెయ్యరు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు నిలిపిన మడుల మీద విమానంతో విత్తనం చల్లుతారు. “అయితే వెద పద్ధతే కదా, దానికి ఇంత ఆర్భాటమా” అని ఆయన తేల్చేశారు. కూలీలు దొరకడం లేదని ఇంటి దగ్గర వెదజల్లడానికి మళ్ళుతున్న రైతుల గురించి ఆ తర్వాత దారి పొడవునా చెబుతూనే ఉన్నారు. 2022 కరువులో ఇక్కడ సగం పొలాలు బీడు పడ్డాయని చెబితే మాత్రం కాసేపు మాట్లాడలేదు.

పక్షులను దగ్గరగా చూడాలంటే విల్లోస్ దగ్గర ఐ-5ను ఆనుకుని ఉన్న శాక్రమెంటో జాతీయ వన్యప్రాణి ఆశ్రయానికి వెళ్ళాలి. ఆరు మైళ్ళ కంకర దారిలో కారు నెమ్మదిగా నడుపుకుంటూ చూడవచ్చు. ఆగమన్న చోట్ల తప్ప దిగకూడదు. అది మంచిదే. పక్షులకు కారు అంటే భయం లేదు, మనిషంటేనే భయం. డిసెంబరు, జనవరి నెలల్లో స్నో గీస్ అనే తెల్లటి పెద్దబాతులు నీటి మీద అంగుళం ఖాళీ లేకుండా పరుచుకుని ఉంటాయి. ఏ డేగో మీదుగా వెళ్ళిందంటే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ గోలకు కారులో మాట వినిపించదు. పులికాట్, నేలపట్టు చూసినవాళ్ళకు ఆ ఆనందం కొంత తెలుసు. ఇక్కడ తేడా అంతా సంఖ్యలోనే. ఒక్క హెచ్చరిక. సీజన్లో బుధ, శని, ఆదివారాల్లో ఆ ఆశ్రయంలోనే ఒక భాగంలో బాతుల వేటకు అనుమతి ఉంటుంది. ఆశ్రయంలో వేటేమిటని పిల్లలు అడుగుతారు. అమెరికాలో ఈ చిత్తడి నేలలను కొని కాపాడటానికి 1934 నుంచి బాతు వేటగాళ్ళు కొనే స్టాంపుల డబ్బే పెద్ద ఆధారమని చెప్పాల్సి వస్తుంది. ఆ సంభాషణకు సిద్ధపడి వెళ్ళండి, లేదా గురువారం వెళ్ళండి.

దారిలోనే యూబా సిటీ ఉంది. వందేళ్ళకు పైగా ఈ లోయలో సేద్యం చేస్తున్న పంజాబీ కుటుంబాల ఊరు. ఏటా నవంబరు మొదటి ఆదివారం అక్కడ జరిగే సిక్కుల నగర కీర్తన ఊరేగింపుకు వేలాది మంది వస్తారు. అమెరికాలో భారతీయుల చరిత్ర కంప్యూటర్లతో మొదలైందని నమ్మే మన పిల్లలు చూడవలసిన ఊరు అది.

లోయలో ఇంకొకటి ఉంటుంది, అది వినోదం కాదు. వాన వెలిసిన తర్వాత గాలి కదలకుండా ఆకాశం తేటపడిన రాత్రుల్లో తడి నేల చల్లబడి ట్యూలీ పొగమంచు లేస్తుంది. కారు ముందు పది అడుగులు కూడా కనిపించని సందర్భాలు ఉంటాయి. 2007 నవంబరులో ఫ్రెస్నో దగ్గర హైవే 99 మీద ఆ పొగమంచులో వందకు పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కాబట్టి తెల్లవారకముందే బయలుదేరి వెళ్ళిపోదామన్న మన ఇళ్ళ ప్రయాణ సూత్రం ఇక్కడ పనికిరాదు. పది గంటలకు టిఫిను తిని బయలుదేరండి. విచిత్రమేమిటంటే ఆ పొగమంచు గత కొన్ని దశాబ్దాలుగా తగ్గుతోంది, దానికి రైతులు సంతోషించడం లేదు. చెర్రీ, పిస్తా చెట్లకు చలికాలంలో సరిపడా చలి గంటలు ఉంటేనే వసంతంలో సరిగ్గా పూస్తాయి. ఎండ నుంచి ఆ చెట్లను కాచే గొడుగు ఈ పొగమంచే.

వానలు మరీ ఎక్కువైతే లోయ తన పాత రూపాన్ని గుర్తుచేసుకుంటుంది. 2022–23 చలికాలంలో డానర్ కనుమ దగ్గరి మంచు పరిశోధన కేంద్రంలో 754 అంగుళాల మంచు పడింది, అంటే దాదాపు 19 మీటర్లు. ఆ ఏడాది వానలకు, కరిగిన మంచుకు లోయ దక్షిణ భాగంలో ట్యులేర్ సరస్సు మళ్ళీ నిండింది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి నదులను మళ్ళించి, ఎండబెట్టి, పత్తి, టమాటా వేసుకుంటున్న నేల అది. పొలాలు, రోడ్లు, కరెంటు స్తంభాలు నీళ్ళలో నిలబడ్డాయి. చూడటానికి వెళ్ళేది కాదు గానీ, చెరువు గర్భంలో ప్లాట్లు వేసిన నగరాల నుంచి వచ్చిన మనకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక సముద్రం. చలికాలంలో ఇక్కడి సముద్రంలో ఈదాలనుకోవడం అవివేకం. ఆ నీళ్ళు ఎముకలు కొరుకుతాయి, అలలు మనిషిని లాక్కుపోతాయి. కానీ ఒడ్డున నిలబడి చూడవలసింది ఈ నెలల్లోనే ఉంటుంది. శాన్ సిమియన్ దగ్గర పియెద్రాస్ బ్లాంకాస్ తీరానికి డిసెంబరు నుంచి ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర జంతువులు వస్తాయి. మగవి రెండు టన్నులకు పైగా తూగుతాయి. తొండం లాంటి ముక్కుతో చేసే మోత, ఒకదాని మెడ ఇంకొకటి చీల్చుకునే పోరాటం, మధ్యలో నలిగిపోకుండా పిల్లలను కాచుకునే తల్లులు, అంతా రోడ్డు పక్కన చెక్క వంతెన మీద నిలబడి చూడవచ్చు. టికెట్ లేదు. తల్లి సుమారు నాలుగు వారాలు ఏమీ తినకుండా పాలిస్తుంది, ఆ తర్వాత పిల్లను వదిలేసి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఈత నేర్పేవాళ్ళు లేరు, పిల్ల తనంతట తానే నేర్చుకోవాలి. కోచింగుల మీద కోచింగులు పెట్టే తల్లిదండ్రులు అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడటం గమనించాను.

నూనె కోసం వేటాడి పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఈ జాతిని దాదాపు తుడిచిపెట్టేశారు. మెక్సికోకు చెందిన గ్వాడలూపే దీవి దగ్గర కొద్దిపాటివి మిగిలాయి. ఈ రోజు ఉన్నవన్నీ వాటి సంతానమే. పియెద్రాస్ బ్లాంకాస్‌కు అవి మొదటిసారి వచ్చింది 1990లో, అక్కడ మొదటి పిల్ల పుట్టింది 1992లో. బే ఏరియాకు దగ్గరలో కావాలంటే అన్యో నుయేవో ఉంది. డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా గైడుతో నడిపిస్తారు, ముందుగా బుక్ చేసుకోవాలి. శాంటా క్రూజ్, పసిఫిక్ గ్రోవ్ చెట్ల మీద గుత్తులుగా వేలాడే మొనార్క్ సీతాకోకచిలుకల కోసం కూడా జనం వెళ్తారు. 2020లో తీరమంతా కలిపి రెండు వేలు కూడా లెక్కకు రాలేదు. తర్వాత కొంత పెరిగాయి, మళ్ళీ తగ్గాయి. వాటి కోసమే ప్రయాణం కట్టుకోవద్దు.

తీరంలో వానను గౌరవించకపోతే దారే ఉండదు. బిగ్ సర్ అనే కొండ తీరం మీదుగా పోయే హైవే 1ను 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ మొత్తం విరిగిపడి మింగేసింది. 2018 జూలై దాకా దారి తెరుచుకోలేదు. అంతకుముందు చలికాలపు వానలకు నానిన కొండ అది. ఆ తర్వాత కూడా అక్కడ కొండచరియలు పడటం ఆగలేదు. సీల్స్ కోసం వెళ్ళేవాళ్ళు బిగ్ సర్ మీద ఆశ పెట్టుకోకుండా 101 మీదుగా పాసో రోబ్లెస్ వచ్చి, పచ్చటి కొండల మధ్య 46 మీద సముద్రానికి దిగడం మేలు. నన్నడిగితే జనవరిలో ఆ దారే బిగ్ సర్ కన్నా అందంగా ఉంటుంది.

చివరికి ఎడారి. డెత్ వ్యాలీకి వేసవిలో వెళ్ళి ఉష్ణోగ్రత చూపించే బోర్డు పక్కన ఫోటో దిగేవాళ్ళున్నారు. 1913 జూలై 10న అక్కడ 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది, దాన్ని మించాలన్న ఆశ కాబోలు. జనవరిలో అదే చోట మధ్యాహ్నం 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. హాయిగా నడవవచ్చు. పసిఫిక్ మబ్బు ఇక్కడికి చేరాలంటే నాలుగు పర్వత వరుసలు దాటాలి, అందుకే ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వానే దక్కుతుంది. సముద్ర మట్టానికి 86 మీటర్ల కింద ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పు నేలకు 140 కిలోమీటర్ల లోపే 4,421 మీటర్ల విట్నీ శిఖరం ఉంది. ఒక వానకు రెండు చివరలు అంత దగ్గరగా ఉన్నాయి.

2023 ఆగస్టు 20న హిలరీ తుఫాను అవశేషం ఏడాది వాననంతా ఒక్క రోజులో కుమ్మరించింది. వేల ఏళ్ళ నాటి మ్యాన్లీ సరస్సు మళ్ళీ నిలిచింది. 2024 ఫిబ్రవరిలో ఇంకో తడి తుఫాను వచ్చి నీళ్ళు పెంచితే, దేశంలోకెల్లా పొడి నేల మీద జనం కొన్నాళ్ళు పడవలు నడిపారు. ఆ తర్వాత గాలి వీచి సరస్సును రెండు మైళ్ళు పక్కకు నెట్టేసింది. శరత్కాలంలో, చలికాలంలో వానలు సరిగ్గా కుదిరితే 2005, 2016లలో లాగా ఇదే నేల పూలతో నిండుతుంది. ఏటా పూస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పూల వార్త ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కాక వెళ్ళడం కూడా దండగే. 2019లో లేక్ ఎల్సినోర్ దగ్గర పాపీ పూలు పూసిన కొండల మీద జనం పడి తొక్కేశారు, 2023లో పూసినప్పుడు అధికారులు ఆ కొండదారినే మూసేశారు. ఆంజా-బొర్రెగో ఎడారి ఈ విషయంలో నయం. విశాలం కాబట్టి జనం చెదిరిపోతారు. జాషువా ట్రీ జాతీయ పార్కులో పార్కింగ్ దొరికితే అది కూడా మంచిదే.

బే ఏరియా నుంచి డెత్ వ్యాలీకి మ్యాపులో సూటిగా కనిపించే టియోగా కనుమ చలికాలమంతా మూసి ఉంటుంది. బేకర్స్‌ఫీల్డ్ మీదుగా టెహాచపి కొండలు దాటి, మొహావే దగ్గర ఉత్తరానికి తిరిగి, హైవే 395 ఎక్కి, హైవే 190 మీద లోపలికి వెళ్ళాలి. రోజంతా ప్రయాణమే. కానీ ఆ 395 మీద లోన్ పైన్ దాకా వెళ్తే ఎడమ చేతి వైపు సియెర్రా మంచు గోడలా నిలబడి ఉంటుంది. చెయిన్లు అక్కర్లేకుండా, కారులోంచే పిల్లలకు మంచు చూపించినట్టూ అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పది వేల మందికి పైగా జపనీస్ అమెరికన్లను బంధించిన మంజనార్ శిబిరం అక్కడికి దగ్గరే. చలిగాలిలో ఆ బారకాసుల మధ్య నడిస్తే పుస్తకంలో చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. దక్షిణాన ఉన్న ఓవెన్స్ సరస్సు లాస్ ఏంజెలెస్ కాలువ 1913లో తెరుచుకున్నాక కొన్నేళ్ళలోనే ఎండిపోయింది. దుమ్ము లేచి చుట్టుపక్కల ఊళ్ళు దశాబ్దాల పాటు అవస్థ పడ్డాక, 2001 నుంచి నగరమే ఆ సరస్సు గర్భంలో నీళ్ళు చల్లుతోంది. నీటిపక్షులు మళ్ళీ దిగుతున్నాయి.

ఇదంతా విని మా స్నేహితులు అడిగేది ఒకటే: వాన ఎప్పుడు పడుతుందో తెలియకుండా సెలవు ఎలా పెట్టాలి, గది ఎలా బుక్ చెయ్యాలి? పెద్ద తుఫాను వస్తోందని సుమారు వారం ముందే వార్తలు చెబుతాయి. వరి పొలాలు, పచ్చ కొండలు ఒక్క రోజు పని, వాటికి గది అక్కర్లేదు. ఉండాలనుకున్నా విల్లోస్‌లో మోటెల్ అప్పటికప్పుడు దొరుకుతుంది. వాన తర్వాత మూడో రోజు, పొగమంచు విడిచాక వెళ్ళండి. ముందుగా కట్టుకోవలసినవి రెండే. ఒకటి డెత్ వ్యాలీ లోపలి బస, దానికి లాంగ్ వీకెండ్లు వదిలెయ్యండి. రెండోది అన్యో నుయేవో నడక. సీల్స్‌కు వానతో పని లేదు, జనవరి ఆఖరికి పిల్లలు నిండుగా ఉంటాయి. ఆ వారానికి టికెట్లు ముందే చూసుకోండి. గొడుగులు తీసుకెళ్ళకండి, ఆ గాలికి నిలవవు. రెయిన్‌కోట్లు వేసుకోండి.